ఎండ బంగళాలో ఒక ఆదివారం

మొన్న మా మిద్దె మీద సోలారు పలకలు బిగించడానికి వచ్చిన అబ్బాయి, ఇక్కడ రోజుకు ఎన్ని గంటలు ఎండ కాస్తుందని మా మనవణ్ణి అడిగాడు. మనవడు ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. పక్కనే కుర్చీలో కూర్చున్న నన్ను అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. తొంభైకి దగ్గరపడ్డ ముసలిదానికి ఎండ సంగతి ఏం తెలుసనుకున్నారో ఏమో. నా చిన్నతనమంతా ఎండను కొలిచే ఇంట్లోనే గడిచింది. ఆ కొలతను ఒకసారి పాడుచేసింది కూడా నేనే.

బేతంచెర్ల దాపున ఒక గుట్ట మీద సర్కారువాళ్ళ చిన్న అబ్జర్వేటరీ ఉండేది. చుట్టుపక్కల జనం దాన్ని ఎండ బంగళా అనేవాళ్ళు. గుండ్రటి కప్పు వేసిన గది ఒకటి, దాని పక్కన ఆఫీసు గది, వెనక రెండు ఇళ్ళు, అంతే. చెట్టూ చేమా లేదు. కింద బండ, పైన ఆకాశం. మా ఇంటి నేల కూడా బండలే. ఎండాకాలంలో మా అమ్మ మధ్యాహ్నం నీళ్ళు చల్లితే ఆ బండల్లోంచి సున్నం వాసన లాంటిది ఒకటి లేచేది. ఆ వాసన పీల్చుకుంటూ నేల మీద బోర్లా పడుకోవడం నాకు చాలా ఇష్టం.

అక్కడ పనిచేసేవాళ్ళు ముగ్గురే. అందరికీ పైన ఒక బ్రాహ్మణాయన. ఆయన్ను ఇంట్లో మేం పెద్దాయన అనుకునేవాళ్ళం. రెండో మనిషి మా నాయన. మూడో మనిషి సాయిబు తాత. నీళ్ళు మోయడం, అద్దాలు తుడవడం, కట్టలు స్టేషనుకు చేర్చడం ఆయన పని.

మా నాయన పొద్దున్నే దూరదర్శిని గొట్టానికి అవతల తెల్లకాగితం పెట్టి, దాని మీద పడ్డ సూర్యబింబంలో మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో గుర్తులు వేసేవాడు. నియమించిన వేళలకు పాదరసం గొట్టాలు చూసి అంకెలు రాసేవాడు. తలెత్తి ఆకాశంలో మబ్బు ఎంతుందో పదికి ఇంత అని అంచనా కట్టి రాసేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, గాజు గుండు ఒక ఎత్తు. పెద్ద బత్తాయంత గాజు గుండు, దాని వెనక సగం తెగిన ఇత్తడి గిన్నె. గిన్నె లోపలి గాడిలో నీలం అట్టముక్క ఒకటి జొనిపేవాళ్ళు. సూర్యుడు నడుస్తున్న కొద్దీ గుండులోంచి దిగిన వేడి ఆ అట్టను కాలుస్తూ పోయేది. ఎండ ఉన్నంత సేపూ గోధుమరంగు గీత. మబ్బు పడితే గీత ఉండదు. పొద్దుగూకాక నాయన ఆ అట్టను తీసి, తేదీ వేసిన కవరులో పెట్టి, మరునాటికి కొత్తది పెట్టేవాడు. కాలిన అట్ట వాసన నాయన చొక్కాకు ఎప్పుడూ ఉండేది.

నెలాఖరు వస్తే మాత్రం గుట్ట మీద గాలి బిగుసుకుపోయేది. ఆ నెల అట్టలన్నీ కవర్లలోంచి తీసి కొలవాలి. మచ్చలు కూడాలి. అంకెలన్నీ రెండు పుస్తకాల్లో తిరగరాయాలి. ఒకటి ఇక్కడ ఉండాలి, ఒకటి లక్కతో ముద్ర వేసి సాయంత్రం రైలుకు పెద్దాఫీసుకు పోవాలి. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగినా తినే తీరిక నాయనకు ఉండేది కాదు. అమ్మ జొన్న సంగటి, మేం చెనిగిత్తనాల ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి గిన్నెలో పెట్టి ఆఫీసు కిటికీలో ఉంచితే అది సాయంత్రానికి అలాగే ఎండి ఉండేది. లక్క కరిగిన వాసన వస్తే అప్పుడు మా ప్రాణాలు కుదుటపడేవి.

పెద్దాయనకు ఒక కథ ఉండేది. నెలకోసారైనా చెప్పకపోతే ఆయనకు నిద్ర పట్టదు. మా నాయనకు ముందు ఆ పని చేసిన మనిషి ఆకాశం చూడకుండా, మంచం దిగకుండా అంకెలు అల్లి రాశాడట. అది బయటపడిన సాయంత్రమే పెట్టె సర్దుకొని రైలెక్కాడట. ఇక్కడ తప్పు చూస్తే క్షమిస్తారు, చూడకుండా రాస్తే క్షమించరు అనేవాడు పెద్దాయన. నాయన తల వంచుకొని వినేవాడు. మా తాత జీవితమంతా ఒకరి చేలో కూలి చేసినవాడు. క్రైస్తవ మిషను బడి పుణ్యమా అని మా వంశంలో కలం పట్టుకొని బతికిన మొదటి మనిషి మా నాయన. ఆ కలం పోతే మాకు మళ్ళీ చేనే గతి అని అమ్మ రోజూ గుర్తు చేసేది.

గుట్ట కింద దక్షిణం వైపు పల్లెలో మా చర్చి. నాయన అక్కడ కీర్తనలు ఎత్తుకునేవాడు. ఆయన గొంతు లేవగానే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆదివారం పదిన్నర నుంచి పన్నెండు దాకా కిందికి పోయి రావడానికి పెద్దాయన నోటిమాటగా ఒప్పుకున్నాడు. అయితే పదకొండు గంటలకు ఆకాశం చూసి రాసే పని ఒకటి ఉంది. ఆ వేళకు నాయన గుట్ట ఎక్కి రావాలి. వచ్చేవాడో లేదో నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇక నా ఘనకార్యం. సండేస్కూల్లో నాతోటి పిల్లలు మా నాయన పనిని ఎగతాళి చేసేవాళ్ళు. మా నాయనలు రాళ్ళు కొడతారు, దుక్కి దున్నుతారు, మీ నాయన ఎండ చూస్తా కూకుంటాడు, అదేం పని అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఎండ చేత రాయించిన అట్ట ఒకటి తెచ్చి వాళ్ళ మొహాన పెట్టాలని నా పంతం. కానీ కాలిన అట్టలన్నీ పెద్దాఫీసుకు పోయేవే. తేమకు పాడైన అట్ట ఒకటి నాయన ఎప్పుడో నాకు ఆడుకోవడానికి ఇచ్చాడు. దాన్ని దాచుకొని సమయం కోసం చూశాను.

ఆ యేడు శివరాత్రి ఆదివారం పడింది. పెద్దాయన కుటుంబంతో మహానందికి పోయాడు. సాయిబు తాత కిరసనాయిలు కోసం బేతంచెర్లకు పోయాడు. నేను కడుపు నొప్పి అని ముడుచుకొని పడుకుంటే, అమ్మ వాము నమిలించి, నాయనతో కలిసి చర్చికి దిగింది. వాళ్ళు మలుపు తిరగడమే ఆలస్యం, నేను లేచాను. గాజు గుండు దగ్గర అడుగుపెట్టడం మా ఇద్దరికీ, అంటే నాకూ పెద్దాయన కొడుక్కూ, పూర్తిగా నిషేధం. నాయన పెట్టడం తీయడం రోజూ చూసినదాన్నే కదా, చేతికి ఏమీ కష్టం కాలేదు. నీలం అట్ట జారదీసి పక్కన పెట్టి, నా పాత అట్ట జొనిపాను. ఎండ నా అట్ట మీద కూడా రాయడం మొదలుపెట్టింది. సన్నటి పొగ, చిన్న నిప్పు చుక్క, దాని వెనకాలే గీత. ఎంత సేపు చూసినా తనివి తీరలేదు. ఆకలేస్తే ఇంట్లోకి పోయి చెనిక్కాయలు పిడికెడు పొయ్యిలో కాల్చుకొని తెచ్చుకొని, తింటూ చూశాను.

గుట్ట దారిలో నాయన తెల్లచొక్కా కనిపించేసరికి దిగ్గున లేచాను. నా అట్ట లాగేసి నీలం అట్టను గాడిలోకి తోశాను. అట్ట నడుమ అచ్చువేసిన గీత గిన్నె మీద గుర్తుకు ఆనేదాకా తోయాలి. కొంచెం తక్కువలో ఆగిపోయింది. సరిచేసే ధైర్యం లేక ఇంట్లోకి పరుగెత్తాను. పంతం పట్టి సంపాదించిన నా అట్టను భయంతో నేనే పొయ్యిలో పడేశాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

ఆ సాయంత్రం మసకలో నాయన అట్ట తీసి కవర్లో పెట్టేశాడు. ఏమీ కాలేదు. రెండు మూడు రోజులకు నేను ఆ సంగతే మరిచిపోయాను.

నెలాఖరు వచ్చింది. నాయనా పెద్దాయనా బల్లకు ఎదురెదురుగా కూర్చొని అట్టలు కొలుస్తున్నారు. ఒకరు స్కేలు పెట్టి చదవడం, ఇంకొకరు రాయడం. నేను గడప అవతల కూర్చొని లక్క ముక్కలు ఏరుకుంటున్నాను. ఉన్నట్టుండి చదవడం ఆగింది. పెద్దాయన ఒక అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత పుస్తకంలో పుటలు వెనక్కి తిప్పాడు.

శివరాత్రి నాటి అట్ట మీద పదిన్నర దాటినప్పటి నుంచి పన్నెండు దగ్గర దాకా గీత లేదు. పదకొండు గంటల గడిలో నాయన చేతిరాతతో మబ్బు సున్న అని ఉంది. ఎండ లేదని అట్ట అంటోంది, మబ్బు లేదని నాయన అంటున్నాడు. రెండింట్లో ఒకటి అబద్ధం. ఆ ఖాళీ జాగా నాదని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దాయన గొంతు పెంచలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

“పదకొండు గంటలకు నువ్వు గుట్ట మీద ఉన్నావా?” అని అడిగాడు.

ఉన్నానని నాయన ఒక్క మాట అంటే సరిపోయేది. చూసిన సాక్షి ఎవరూ లేరు.

“లేనయ్యా,” అన్నాడు నాయన. “చర్చి మెట్ల మీద నిలబడి సూసినా. ఆకాశం ఆడికీ ఈడికీ ఒకటే అనుకున్న్యా. అరచెయ్యంత మబ్బు గూడా లేదయ్యా ఆ పొద్దు.”

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పాత మనిషి కథ ఆయన చెప్పలేదు, చెప్పవలసిన అవసరం లేకపోయింది. గుట్ట మీద లేనివాడి మాట ఎవరు నమ్ముతారు అన్నాడు. కీర్తనల మీద ధ్యాసతో చూడనే లేదని, వచ్చి సున్న చుట్టేశాడని పెద్దాఫీసువాళ్ళు అంటారన్నాడు. ఆయనకూ ఒక భయం ఉంది. సెలవు మంజూరు కాకముందే మహానందికి పోయాడు. విచారణ అంటూ వస్తే అదీ బయటికొస్తుంది. కలం నాయన వైపు జరిపాడు.

“సున్న కొట్టేసి ఎనిమిది అని దిద్దప్పా. రెండూ కలిసిపోతాయి. ఎవరూ అడగరు.”

నాయన కలం ముట్టుకోలేదు. కిటికీ దగ్గర సంగటి గిన్నె పట్టుకొని నిలబడ్డ అమ్మ అంతా వింది. ఆమె ఆఫీసు గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టింది లేదు. ఆ రోజు గడప దాటి వచ్చింది.

“ఒక్క అంకె గదా. దిద్దు. ఆ పొద్దు మబ్బుంటే ఏమి, లేకుంటే ఏమి. మనకు ఈ పని పోతే యాడికి పోవల్ల?” అంది.

“సూసింది సూసినట్ల రాసినా. సూడనిది ఎట్ల రాసేది?” అన్నాడు నాయన.

సాయిబు తాత బయట నిలబడి రైలుకు వేళవుతోందని రెండుసార్లు దగ్గాడు. అలాగైతే మబ్బు చూడకుండా రాశావని నేనే రాయాల్సి వస్తుంది అంటూ పెద్దాయన కలం తన వైపు లాక్కొని సిరాబుడ్డిలో ముంచాడు. ఆ కలం కాగితానికి దిగేలోపు నేను లోపలికి పోయాను. ఎలా పోయానో నాకు తెలియదు. కాళ్ళే తీసుకుపోయాయి.

“అట్ట నేను తీసినా,” అన్నాను. “నా అట్ట పెట్టి ఆడుకున్న్యా. మబ్బు లేదు.”

పెద్దాయన నన్ను కాదు, నాయనను చూశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల చేత అబద్ధం చెప్పిస్తావా అనే చూపు అది. ఆ మాట అననే అన్నాడు. “పాపకు నేర్పించినావా?” ఆ చూపు కంటే, మాట కంటే నాయన మొహం నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయనకూ ఈ సంగతి అప్పుడే తెలిసింది.

నీ అట్ట ఏదీ అని పెద్దాయన అడిగాడు. పొయ్యిలో వేశానన్నాను. ఆయన నిట్టూర్చి మళ్ళీ కలం ఎత్తాడు. నిజం చెప్పినా నమ్మించుకోలేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏడిస్తే మాట రాదని పళ్ళు బిగబట్టాను.

“మళ్ళా పెట్టేటప్పుడు గుర్తు దాకా పోలా,” అన్నాను. “నాయన వస్తాండాడని అట్లనే వదిలిపెట్టినా.”

పెద్దాయన కలం ఆగింది. ముందురోజు అట్ట, మరునాటి అట్ట తీసి, మధ్యలో శివరాత్రి అట్ట పెట్టి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. మూడింటి మీదా పొద్దున గీత ఒకే చోట మొదలైంది. సాయంత్రం గీత ముందురోజూ మరునాడూ ఒకే చోట ఆగింది. శివరాత్రి నాటిది మాత్రం గోరు మందం ఇవతలే ఆగిపోయింది. సూర్యుడు ఒక్క రోజుకు తొందరపడి ముందే కుంకడు. నడిమధ్యలో అట్టను ఎవరో కదిలించారు. పెద్దాయన రెండుసార్లు కొలిచాడు. నాయన చేత కొలిపించాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి, “పాప చెప్పింది నిజమేనప్పా,” అన్నాడు.

నాయన అప్పుడు నా వైపు తిరిగాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు.

“ఆ పొద్దు ఎండ ఉండెనా పాపా?” అని అడిగాడు.

“ఉండె నాయనా. మండి పోతాండె.”

నాయన పుస్తకం తన ముందుకు జరుపుకొని, వివరాలు రాసే గడిలో ఇంగ్లీషులో రాశాడు. రాసి, సంతకం పెట్టకముందే నన్ను దగ్గరికి పిలిచి, తెలుగులో చెప్పాడు. నా కూతురు అట్ట తీసింది, సుమారు గంటన్నర తర్వాత మళ్ళీ పెట్టింది, పదకొండు గంటలకు నేను చర్చి మెట్ల మీద నుంచి ఆకాశం చూశాను, మబ్బు లేదు. తప్పుంటే చెప్పమన్నాడు. పెద్దాయనకు లెక్కలు వినిపించేటప్పుడు ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు. గంటన్నరో కాదో నాకు తెలియదని, చెనిక్కాయలు కాల్చుకొని తిన్నంత సేపని చెప్పాను. పెద్దాయన మొహంలో నవ్వు వచ్చి పోయింది. చర్చి మెట్ల సంగతి రాయకపోయినా పరవాలేదని ఆయన అన్నాడు. నాయన దాన్ని కొట్టివేయలేదు. సంతకం పెట్టి పుస్తకం ఆయన ముందుకు తోశాడు. పెద్దాయన చాలాసేపు ఆ పుట చూసి, కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం తానూ రాశాడు. ఆ రోజు తను కూడా గుట్ట మీద లేనని రాశాడని తర్వాత నాయన అమ్మతో చెప్పాడు. సాయిబు తాత కట్ట చంకన పెట్టుకొని, రైలు అందుతుందో లేదో అల్లాకే తెలుసంటూ గుట్ట దిగాడు.

అందింది. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగా దిగలేదు. పోస్టు వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. నన్ను ఎవరూ తిట్టలేదు. అమ్మ తిట్టబోతే నాయన వద్దన్నాడు.

జవాబు వచ్చింది. నాయన పని పోలేదు. పెద్దాయనకు మందలింపుతో సరిపోయింది. ఇకమీదట రెండో ఉద్యోగి ఆదివారం సహా ఏ రోజూ పొద్దున నుంచి సాయంత్రం దాకా గుట్ట దిగరాదని ఆ కాగితంలో ఉంది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చొని దేవునికి స్తోత్రం చెప్పింది. నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి పెట్టాడు. అందులో ఆయన పోగొట్టుకున్నది ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ఆ ఆదివారం చర్చిలో అర్థమైంది. మగవాళ్ళ వైపు చాప మీద నాయన జాగా ఖాళీగా ఉంది. పాస్టరు కీర్తన సంఖ్య చెప్పాడు. అలవాటు కొద్దీ అందరూ ఒక క్షణం ఆగారు. ఎత్తుకునే గొంతు లేవలేదు. ఎవరో ముసలాయన తడబడుతూ మొదలుపెట్టాడు, శ్రుతి కుదరలేదు. నేను అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. ఆ రోజు ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు, నాకు మాత్రం అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

నాయన గుట్ట మీద ఇంకో ఏడేళ్ళు పనిచేశాడు. ఆ ఏడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఆయన మాతో చర్చిలో కూర్చోలేదు. ఇప్పుడా గుట్ట కూడా లేదు. బండల కోసం తవ్వి తవ్వి గుంత చేశారు. నాయన ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కొట్టించుకుంటే తీరిపోయే బాకీ కాదది.

ఒకసారి మాత్రం ఉండబట్టలేక అడిగాను. కింద మేం పాడేది పైకి వినపడుతుందా నాయనా అని. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తాడు. పరవాలేదమ్మా అంటాడేమో, లేకుంటే నీ వల్లే కదా అంటాడేమో అని చూశాను.

“దక్షిణం గాలి ఉంటే వినపడ్తాది పాపా,” అన్నాడు. “మొన్న ఆదివారం ఉత్తరం గాలి. ఏం వినపళ్ళా.”

ఉన్నది ఉన్నట్టు చెప్పి మళ్ళీ రాసుకోవడంలో పడ్డాడు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున చర్చికి దిగే ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకునేదాన్ని. ఉత్తరం గాలి ఉన్న రోజు గొంతు చిట్లిపోయేలా పాడేదాన్ని. పాస్టరు భార్య మెల్లగా పాడమని మోచేత్తో పొడిచేది. నేను మెల్లగా పాడలేదు.